పంది తల సాక్షిగా

పంది నవ్వుతూ ఉండాలి. ముఖం మాడ్చుకున్న పంది తలను కొసా పూజ బల్ల మీద పెట్టడం కంటే ఆ మొక్కు మానుకోవడం మేలు. అందుకే ప్యో సున్‌రే మాంసం బజారులో దుకాణాలన్నీ తిరిగింది. ఉడికించిన తలల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి, చెవులదాకా నోరు సాగదీసిన దాన్ని ఎంచుకుంది.

"ఏంటమ్మా, పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తున్నావ్?" అని దుకాణంవాడు విసుక్కున్నాడు.

"మొగుణ్ణి ఇంతలా చూసుకోలేదు. అందుకే ఇవాళ పందినైనా చూసుకుంటున్నా" అంది సున్‌రే.

కొత్త మిషను కొన్నా, కొత్త గది అద్దెకు తీసుకున్నా, ఛాంగ్‌సిన్ కొండవాడలో కొసా చేయకుండా ఎవరూ స్విచ్చి వేయరు. బల్ల మీద పంది తల, ఎర్ర పప్పు చల్లి ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి రొట్టె, దారపు చిలప చుట్టిన ఎండు చేప, గిన్నెలో మక్కొల్లి కల్లు. ఒక్కొక్కరూ మోకరిల్లి, నేలకు నుదురు ఆనించి, పంది నోట్లో నోటు పెట్టి లేస్తారు. ఆపైన రొట్టె ముక్కలు కోసి వీధంతా పంచుతారు.

ఈసారి కొసా మిషనుకి కాదు, కంటికి కనపడని సరుకుకి. బట్టల ప్యాటర్న్‌లు కంప్యూటరు మీద గీసే సాఫ్ట్‌వేర్‌కి. దాని పేరు బిదాన్, ఐదో వెర్షన్. అట్టపెట్టె పిల్లల శవపేటికంత ఉంది. విప్పితే లోపల ఒక డిస్కు, బొటనవేలంత తాళం. ఆ తాళాన్ని కంప్యూటరుకి గుచ్చితేనే సరుకు తెరుచుకుంటుంది.

"ఇంతేనా అక్కా?" అని పెట్టెలో చెయ్యిపెట్టి వెతికింది ఓక్‌బున్. "రెండు కుట్టుమిషన్లొచ్చే డబ్బు పోస్తున్నావు. అడుగున ఇంకేమన్నా ఉందేమో చూడు."

ఓక్‌బున్ ముప్పై ఏళ్ళుగా సున్‌రే పక్కన మిషను తొక్కుతున్న మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే వేగం. సున్‌రే గీసి కత్తిరించేది, ఓక్‌బున్ కుట్టేది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిపి ఆ గది మొత్తం నలుగురి కూడు.

సున్‌రే కటింగ్ మాస్టరు. ఆడది కటింగ్ మాస్టరు కావడం ఈ కొండవాడలో ఊరికే జరిగిన సంగతి కాదు. పద్నాలుగో ఏట దక్షిణాది పల్లె నుంచి రైలెక్కి వచ్చి చేరింది తొంగ్‌దేమున్ బజారులో ఒక అటక మీది కార్ఖానాలో. అక్కడ నిటారుగా నిలబడడానికి వీల్లేదు. ఒంటికి వెళ్ళాలన్నా చెయ్యెత్తి అడగాలి. కత్తెర మగవాళ్ళది, సూది ఆడవాళ్ళది అన్న కాలం. మాస్టరు కత్తిరించి పారేసిన కాగితపు ముక్కల్ని లంగా మడతల్లో దాచుకుపోయి, వాటిని వేరే కాగితం మీద పెట్టి గీసుకుంటూ పని నేర్చింది. ఒకసారి పట్టుబడితే స్కేలుతో వేళ్ళ మీద కొట్టారు. కూలి పెంచమని అటకల మీది ఆడపిల్లలంతా మిషన్లు ఆపిన రోజున, తలుపుకి బయట గొళ్ళెం పెడితే కిటికీలోంచి గుడ్డ తాను వేలాడేసి దిగినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఎవరి ముందూ చెయ్యెత్తి అడగలేదు.

అలాంటి మనిషిని ఒక సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు బుట్టలో వేసుకున్నాడంటే, వాడి తెలివి గొప్పది కాదు. లోకం వాడి వైపు తోసింది, అంతే.

తోసినది పాంగ్ షావుకారమ్మ. తొంగ్‌దేమున్‌లో టోకు కొట్టున్న ఆవిడ. సున్‌రే గది నిలబడేదే ఆవిడ పనితో. ఆ చలికాలం ఆవిడ వచ్చి కూర్చుని, "మాస్టరమ్మా, ఇక మీదట ఈ ప్యాటర్న్ అట్టలు మొయ్యలేను. మా చెల్లెలు కార్ఖానా పెట్టింది. అంతా కంప్యూటరే. ఫైలు వస్తుంది, నువ్వు సరిచేసి ఫైలు పంపాలి. లేదంటే కింద వీధిలో పంపేవాళ్ళున్నారు" అని తేల్చేసింది.

పాంగ్ వెళ్ళిన మర్నాడే బిదాన్ అమ్మే తాక్ వచ్చాడు. వట్టి చేతులతో రాలేదు, కమలాపళ్ళ పెట్టె మోసుకొచ్చాడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా. అమ్మకం ఉంటేనే జీతం వచ్చే కాంట్రాక్టు ఉద్యోగం. ఆ సంగతి తనే చెప్పుకుని కళ్ళు దించుకున్నాడు. కుట్టేవాళ్ళ పక్కన నేల మీద కూర్చుని వాళ్ళ నూడుల్సే తిన్నాడు. "మాస్టరమ్మా, మీ చేతిలో ఉన్నదంతా ఇందులో ఉంటుంది. చెయ్యి నొప్పి పుడుతుంది, ఇది పుట్టదు" అన్నాడు. సున్‌రే కుడి మణికట్టు రెండేళ్ళుగా నొప్పి పెడుతోంది. దానికి చుట్టిన గుడ్డకట్టు వాడు గుమ్మంలోనే చూశాడు.

కొసాకి రోజు పంచాంగం చూసి పెట్టుకున్నారు. పీడ ఏ దిక్కునా తిరగని రోజు. కొత్త ఏడు పండగకి కాస్త ముందు. రొట్టెకి మిల్లులో చెప్పేశారు. మంచిరోజుకి ముందు పాత చెత్త వదిలించుకోవాలని గోడ కొక్కేలకి వేలాడుతున్న అట్ట ప్యాటర్న్‌లన్నీ దింపేశారు. ఏళ్ళ తరబడి గీసిన కాలర్లు, చేతులు, నడుములు. "ఇక ఇవెందుకు, స్థలం దండగ" అన్నది తాకే. తోపుడుబండి మీద అట్టలు ఏరుకునే ముసలమ్మ వచ్చి మోపు కట్టుకుపోయింది. గోడ బోసిపోయింది. సున్‌రే ఆ గోడ వైపు చూడకుండా పంది చెవి సర్దింది.

అందరి మొక్కులూ అయ్యాయి. తాక్ వంతు వచ్చింది. బూట్లు విప్పి, కోటు మడిచి, మోకరిల్లాడు. అప్పుడు ఓక్‌బున్ నోరు ఊరుకోలేదు.

"అవునుగానీ బాబూ, ఆరోది వస్తోందని కింద వీధిలో ఎవరో అంటున్నారు. మేం ఐదోది కొన్నాక ఆరోది దిగితే మా గతేంటి?"

గదిలో మిషన్లన్నీ ఆపి ఉన్నాయి. తాక్ నోటు చేతిలో పట్టుకుని, మోకాళ్ళ మీదే, పంది ముఖంలోకి చూస్తూ అన్నాడు. "ఈ ఏడు రాదక్కా. పంది సాక్షిగా చెబుతున్నా." నోటు పంది నోట్లో దోపి, నేలకి నుదురు తాకించాడు.

ఆ మాటతో సున్‌రే డబ్బు చేతిలో పెట్టింది. కాగితం మీద సంతకాలు చేసి మాట తప్పినవాళ్ళని ఎందరినో చూసింది. కానీ కొసా బల్ల ముందు మోకాళ్ళ మీద అబద్ధమాడినవాణ్ణి ఈ వాడలో ఇంతవరకూ చూడలేదు. తనేం అమాయకురాలు కాదు. తన తప్పల్లా, వాడికీ ఒక భయం ఉంటుందనుకోవడం.

పండగ అయింది. ఏడాదిలో మొదటి పున్నమీ దాటింది. పాంగ్ షావుకారమ్మ చెల్లెలి దగ్గర్నుంచి వసంతంలో వేసుకునే కోట్ల ఫైలు వచ్చింది. సున్‌రే తాళం గుచ్చి, అద్దాలు పెట్టుకుని, చూపుడువేలితో మీట నొక్కింది. తెర మీద ఒక చిన్న పెట్టె లేచింది. ఈ ఫైలు కొత్త వెర్షన్‌లో తయారైనది, తెరవడానికి బిదాన్ ఆరు కావలెను.

"ఏమంటోందక్కా?"

"ఆరోది పుట్టిందంటోంది" అంది సున్‌రే.

తాక్ ఫోను చాలాసేపు మోగింది.

"మాస్టరమ్మా! పండగ బాగా జరిగిందా?"

"పండగ సంగతి తర్వాత. పంది ముందు ఏం చెప్పావ్?"

"ఈ ఏడు రాదన్నాను. ఏడు మారిందిగదండీ."

"శభాష్! నిన్ను కన్నతల్లి ఏ రోజున కన్నదో గానీ, పీడ తిరిగే రోజే అయ్యుంటుంది. ఇప్పుడు ఆరోది ఇవ్వు."

"పాత ఖాతాదారులకి రాయితీ ఉందండీ. సగం ధరకే..."

"నెల తిరక్కుండానే పాతదాన్నయ్యానా?"

"నా చేతిలో ఏం లేదండీ" అన్నాడు తాక్. అది నిజమే. ఆ చేతిలో ఎప్పుడూ ఏమీ లేదు. కమలాపళ్ళ పెట్టె తప్ప.

సున్‌రే ఫోను పెట్టేసి మణికట్టు పట్టుకుంది. సంతలో కోడిని కొంటే చచ్చేదాకా కోడే. మిషను కొంటే అరిగేదాకా మిషనే. ఇదెక్కడి సరుకు, ఇంటికి తెచ్చుకున్న మర్నాడే ముసలిదైపోతుంది? కొన్నవాడి చేతిలో అరగదు, అమ్మినవాడి నోట్లో అరుగుతుంది. వెనకటికి కార్ఖానా యజమానులు గడియారం ముల్లు వెనక్కి తిప్పి పని చేయించుకునేవాళ్ళు. ఈ పెద్దమనుషులు ముందుకు తిప్పుతున్నారు. తిప్పేది మాత్రం ఆ చేతులే.

సాయంత్రానికి పాంగ్ షావుకారమ్మ మెట్లెక్కి వచ్చింది. కూర్చోలేదు.

"వసంతం గుడ్డ ఆగదు మాస్టరమ్మా. ఈ వారం దాటితే ఫైళ్ళు కింద వీధికి పంపేస్తా. వాళ్ళకి ఆరోది ఉంది."

"వాళ్ళు కాలర్ సరిగ్గా తిప్పలేరని నువ్వే అన్నావుగా."

"కాలర్ వంకరగా ఉన్నా కొంటారు. ఫైలు తెరుచుకోకపోతే ఎవరూ కొనరు."

ఆవిడ దిగి వెళ్ళాక మిషన్లు కాసేపు మోగలేదు. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ తలలు వంచుకుని దారపు ముక్కలు ఏరుతున్నారు. కోట్ల పని పోతే ముందు పోయేది వాళ్ళ పీటలే. ఆ సంగతి అందరికీ తెలుసు.

అంతలో సున్‌రే ఫోనుకి సందేశం వచ్చింది. గౌరవనీయ ఖాతాదారులకు ఆహ్వానం. బిదాన్ ఆరు ఆవిష్కరణోత్సవం, ఫలానా హోటలు హాలులో. మొదట కొన్నవారికి బహుమతులు. కొసా కూడా జరుగును.

"కొసానా?" ఓక్‌బున్ ఫోను లాక్కుని మళ్ళీ చదివింది. "వీళ్ళ మొహాలకి కొసా కూడానా? అక్కా, వాళ్ళు పంది తల ఎక్కణ్ణుంచి తెస్తారంటావ్?"

సున్‌రే ఫోను తీసుకుని జేబులో వేసుకుంది. మర్నాడు పొద్దున్నే మాంసం బజారుకి వెళ్ళింది. దుకాణంవాడు గుర్తుపట్టి, "మళ్ళీ పెళ్ళిచూపులా?" అన్నాడు.

"కాదు. ఈసారి కోర్టుకి."

చలికాలంలో ఐదోది కొన్న ఆడవాళ్ళు వాడలో ఇంకా ఉన్నారు. ఒకామె లోబట్టలు కుడుతుంది, ఒకామె పిల్లల గౌన్లు. ఎవరికి వాళ్ళు తామొక్కళ్ళే మోసపోయామనుకుని, సిగ్గుపడి, మొగుళ్ళకి కూడా చెప్పకుండా కూర్చున్నారు. మోసగాడికి పెద్ద అండ ఆ సిగ్గే. సున్‌రే తలుపు తలుపూ తట్టింది. "నేను మోసపోయాను. నువ్వు?" అని అడిగింది. అంతకు మించి ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

హోటలు గుమ్మంలో కాపలావాడు గుడ్డ కప్పిన పళ్ళేన్ని చూసి అడ్డం వచ్చాడు. "బయటి తిండి లోపలికి తేకూడదమ్మా."

"ఇది తిండి కాదు బాబూ, సాక్షి" అంది సున్‌రే. గుడ్డ తీసి చూపించింది. పంది వాడి ముఖంలోకి నవ్వింది. వాడు పక్కకి జరిగాడు.

హాలు నిండా దీపాలు. ఒక పక్క కొనేవాళ్ళ వరస. వరసలో టోకు వ్యాపారులు, చిన్న కార్ఖానాల వాళ్ళు, వాళ్ళ మధ్యలో పాంగ్ షావుకారమ్మ కూడా. వేదిక మీద మాత్రం పంది తల లేదు. పెద్ద తెర మీద బొమ్మ పంది, గులాబీ రంగుది, కన్ను కొడుతోంది. నోటు పెట్టడానికి నోరు లేదు గనక, పక్కన నల్ల గళ్ళ బొమ్మ వేసి, ఫోనుతో డబ్బు పంపమన్నారు.

"చూశావా అక్కా, పందికి కూడా ఆరో వెర్షన్ దింపారు" అంది ఓక్‌బున్ అందరికీ వినపడేలా. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సున్‌రే నడుచుకుంటూ వెళ్ళి, వేదిక ముందున్న పూల బల్ల మీంచి పూలు పక్కకి జరిపి, నిజం పంది తలను పెట్టింది. ఉడికిన మాంసం వాసన అత్తరు వాసనని తోసుకుంటూ హాలంతా పాకింది. కంపెనీ డైరెక్టరు చిరునవ్వుతో దిగి వచ్చాడు.

"అమ్మా, మీ భక్తికి చాలా సంతోషం. పక్క గదిలో మాట్లాడుకుందాం రండి. మీ ఒక్కరికీ ఏదో ఒకటి చూస్తాను."

"చలికాలంలో కొన్నవాళ్ళమంతా వచ్చాం. మీ పక్క గది మాకు చాలదు" అంది సున్‌రే. "అయినా మేం గొడవకి రాలేదండీ. కొసాకి పిలిచారు, వచ్చాం. పెద్దలు మీరు, ముందు మీరే మోకరిల్లండి. మేం ఒక్క ముక్క అడుగుతాం. పంది ముందు చెబితే చాలు."

"ఏం అడుగుతారు?"

"ఏడో వెర్షన్ ఎప్పుడొస్తుంది?"

వరసలో కలాలు ఆగాయి. "అవునవును, అది చెప్పండి" అన్నాడు వెనకనుంచి ఒక బట్టతల ఆసామి. "సంతకం పెట్టబోతున్నాం, వినే పెడతాం."

డైరెక్టరుకి సరిగ్గా అప్పుడే ఫోను వచ్చింది. మోగని ఫోనుని చెవికి పెట్టుకుని పక్కకి నడుస్తూ, "తాక్, నువ్వు మొక్కవయ్యా" అన్నాడు. పెద్దవాడి పాపం చిన్నవాడి మోకాళ్ళ మీద పెట్టడం ఈ లోకంలో ఏ వెర్షన్‌లోనూ మారలేదు.

తాక్ ముందుకొచ్చాడు. బూట్లు విప్పాడు. మోకరిల్లాడు. పంది నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు అతనికి తెలిసిన నవ్వే.

"ఏడోది ఎప్పుడు?" సున్‌రే అడిగింది.

అతను డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు గోడ వైపు చూస్తున్నాడు.

"ఆకులు రాలే కాలానికి" అన్నాడు తాక్ గొంతులోనే.

"పందికి వినపడలేదు. గట్టిగా చెప్పు."

"ఈ ఆకులు రాలే కాలానికి ఏడోది వస్తుంది! సగం తయారైంది కూడా!"

హాలు కందిరీగల తుట్టెలా మోగింది. సున్‌రే చెయ్యి అడ్డంపెట్టింది. ఆమెకి కావలసింది అది కాదు. ఆమె గదిలో తల వంచుకుని దారాలు ఏరుతున్న మనుషులున్నారు.

"ఇంకొకటి. ఆరోదానిలో చేసిన ఫైలు నా ఐదోదాన్లో ఎందుకు తెరుచుకోదు? తాళం తాళమే, గీత గీతే. చొక్కాకి చేతులు అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే."

తాక్ నుదురు నేలకి ఆనించాడు. నేలలోకే చెప్పాడు. "తెరుచుకుంటుందండీ. ఆరోదాన్లో ఫైలుని పాత రూపంలోకి మార్చి పంపే మీట ఉంది. లోపలెక్కడో పెట్టారు. అడిగినా చెప్పొద్దన్నారు."

ఎవరూ కేకలు వేయలేదు. బట్టతల ఆసామి చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వరసలోంచి బయటికి నడిచాడు. అతని వెనక ఇంకొకరు. బల్ల దగ్గర కూర్చున్న పిల్ల బహుమతి గొడుగుల్ని మళ్ళీ పెట్టెలో సర్దడం మొదలెట్టింది. తెర మీది గులాబీ పంది మాత్రం సిగ్గులేకుండా కన్ను కొడుతూనే ఉంది.

పాంగ్ షావుకారమ్మ సున్‌రే దగ్గరికి వచ్చింది. "మాస్టరమ్మా, మా చెల్లెలికి ఇప్పుడే చెబుతా. రేపు పాత రూపంలో పంపుతుంది."

"పంపమను. మొన్న ఈ మాట మీ చెల్లెల్నే అడిగుంటే, నువ్వు మా మెట్లెక్కి బెదిరించాల్సిన పని ఉండేది కాదు."

"నాకేం తెలుసు?"

"నీకు తెలీదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు. కింద వీధి ఉందిగా నీకు!"

పాంగ్ చెల్లెలికి ఫోను చేసుకుంటూ వెళ్ళిపోయింది. పని మాత్రం వెళ్ళలేదు. సున్‌రేకి ఆ పూటకి అది చాలు.

హోటలు వెనక మెట్ల మీద ఆడవాళ్ళంతా కూర్చుని పంది తలను కోసుకున్నారు. ఓక్‌బున్ సంచిలోంచి రొయ్యల ఉప్పు, వెల్లుల్లి, మక్కొల్లి సీసా తీసింది. కాసేపటికి వెనక తలుపు తెరుచుకుని తాక్ వచ్చాడు. మెడలో వేలాడే కంపెనీ గుర్తింపు కార్డు లేదు.

"పీకేశారా?" అంది ఓక్‌బున్.

తల ఊపాడు. ఓక్‌బున్ కాస్త జరిగి చోటిచ్చింది. అతనికి సున్‌రే మీద ఏదో ఆశ ఉన్నట్టుంది, నిలబడే ఉన్నాడు. "మాస్టరమ్మా, నిజం చెప్పాను గదా."

"చెప్పావు. ఊపిరాడనప్పుడు చెప్పావు" అంది సున్‌రే. "మొదటి పంది ముందు చెప్పుంటే నీ నోటు నీకే తిరిగిచ్చేదాన్ని."

కత్తితో నాలుకని అడ్డంగా కోసి, ఉప్పులో అద్ది, ఒక ముక్క అతనికి అందించింది. "తిను. నీ నాలుక కంటే ఇదే నయం." తాక్ నిలబడే నమిలాడు. మక్కొల్లి పొయ్యమని గ్లాసు చాపే ధైర్యం చేయలేదు. "ఎల్లుండి మా కుట్టుపనివాళ్ళ సంఘంలో మాట్లాడుకుంటున్నాం, మా డబ్బు సంగతి. ఆ మీట సంగతి నువ్వే వచ్చి చెప్పాలి. ఈసారి కూర్చునే చెప్పు, మోకాళ్ళు అక్కర్లేదు" అంది సున్‌రే.

మర్నాడు ఫైలు తెరుచుకుంది. గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. ఓక్‌బున్ మిషను మోగింది, దాని వెనక మిగతా రెండూ. సున్‌రే కాలర్ సరిచేసి ఫైలు పంపేసి, లేచి కిటికీ తెరిచింది. కింద వీధిలో తోపుడుబండి ముసలమ్మ ఎత్తు ఎక్కలేక ఆగి ఉంది.

"అవ్వా! మందం అట్టలు దొరికితే పాత సామాన్ల కొట్టువాడికి వెయ్యకు. నాకు తెచ్చిపెట్టు. వాడికంటే ఎక్కువిస్తా."

"మొన్నేగా బండెడు పారేశావ్!" అని అరిచింది ముసలమ్మ. "పిచ్చెక్కిందా?"

"మొన్న ఎక్కింది. ఇప్పుడు దిగింది" అంది సున్‌రే. గోడ కొక్కేల మీది దుమ్ము తుడవడం మొదలెట్టింది.